కుదిరినవాడి మాట

ఆమధ్య క్లాసులో సామెతలు చెబుతున్నాను. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట" అనగానే పిల్లలు గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. ఇరవై ఏళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను, ఏటా నవ్వుతూనే వున్నాను. ఆ రోజు మాత్రం ఎందుకో నవ్వు సగంలో ఆగిపోయింది. చూడండి, తనకు నయమయిందని ఒక మనిషి చెబుతున్నాడు. ఆ మాట నమ్మవద్దని చెప్పటానికే గదా మన పెద్దవాళ్ళు ఇంత చక్కని సామెత కట్టిపెట్టారు! జ్వరం తగ్గిందన్నవాణ్ణి నమ్ముతాం. మతి కుదిరిందన్నవాడి చేతికి రోకలి ఇస్తాం.

మా తమ్ముడు నాకంటె నాలుగేళ్ళు చిన్న. డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా, 2000 సంవత్సరం వేసవిలో వాడికి జబ్బు చేసింది. మా ఇల్లు సింహాచలం కొండ దిగువన. గాలి సోకిందన్నారు, దిష్టి అన్నారు. అమ్మ తెల్లవారుజామునే వాణ్ణి గంగధారకు తీసుకుపోయి స్నానం చేయించేది. అప్పన్నస్వామిని నేనూ నమ్ముతాను. అమ్మ చేసింది తప్పని ఇప్పటికీ అనను. ఆ చల్లని ధార కింద వాడు కాసేపు నెమ్మదిగా వుండేవాడు గూడాను. కాని మూడేళ్ళు గడిస్తే గాని మేము డాక్టరు దగ్గరకు వెళ్ళలేదు. ఆ మూడేళ్ళు తలుచుకుంటే ఇప్పటికీ దుఃఖం వస్తుంది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. నా పెళ్ళిచూపుల నాడు వాణ్ణి విజయనగరంలో పెద్దమ్మగారింటికి పంపించేశారు. "తమ్ముడు పరీక్షలకు చదువుకుంటున్నాడండీ" అని వచ్చినవాళ్ళతో చెప్పింది నేనే. ఎందుకు పంపుతున్నారో వాడికి తెలుసు. తిరిగి వచ్చి, "అక్కా, కుదిరిందా?" అని అడిగాడు. పెళ్ళి సంగతే అడిగాడు లెండి.

డాక్టరుగారు స్కిజోఫ్రేనియా అని పేరు చెప్పి మందులిచ్చారు. మందులు పనిచేశాయి, ఈ సంగతి ఖండితంగా చెబుతున్నాను. కాని నాలుగు నెలలు వేసుకుని మానేసేవాడు, మళ్ళీ మొదటికి వచ్చేది. ఇట్లా మూడుసార్లయింది. బతిమాలాం, కోప్పడ్డాం, ఆఖరికి మజ్జిగలో కలిపి ఇచ్చాం. వాడు మజ్జిగ తాగటం మానేశాడు.

ఒకనాడు ఆస్పత్రి వరండాలో బల్లమీద కూర్చున్నాం. పక్కన ఒక పెద్దాయన వున్నాడు, పోర్టులో కళాసీగా చేసినవాడు. మా వాణ్ణి తేరిపార చూసి, "నీకేటి వినబడతాది బాబూ?" అని అడిగాడు. నా గుండె ఝల్లుమంది. ఆ ప్రస్తావన తెస్తే జబ్బు ముదురుతుందేమోనని ఇంట్లో ఎవరమూ ఏనాడూ అడగలేదు. తమ్ముడు ఆయనతో చెప్పాడు. రెండు మగగొంతులట. ఒకటి తిడుతుంది, రెండోది నవ్వుతుంది. "నాకు మూడు" అన్నాడాయన, పిల్లలెంతమంది అంటే చెప్పినంత తేలిగ్గా. గొంతులు ఎక్కువైనప్పుడు జెట్టీమీద నిలబడి, దూరాన లంగరు వేసిన ఓడలు లెక్కపెట్టేవాడట. మాత్రలు వేసుకుంటే చేతులు వణుకుతున్నాయా అని అడిగాడు. వణుకుతున్నాయన్నాడు మా వాడు. "మరి డాక్టరుబాబుకి సెప్పినావా?"

చెప్పలేదు. ఎట్లా చెబుతాడు? డాక్టరుగారు వాణ్ణి అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబులు చెప్పేది నేను.

ఆ రోజు వాడొక్కడే లోపలికి వెళ్ళాడు. డాక్టరుగారు మోతాదు మార్చారు. ఆ తరువాత ఇంకొకసారి మందు మానాడు గాని, ఆ సంగతి తనే వచ్చి చెప్పాడు. కొండ దగ్గర ఓడలు లేవు గనక వాడు మెట్లు లెక్కపెట్టేవాడు. ఒక్కనాడూ లెక్క సరిగా వచ్చేది కాదు.

కళాసీ చేసిన పనికి ఇవాళ ప్రపంచంలో ఒక పేరుంది, కొన్ని దేశాల్లో జీతం కూడా వుంది. పీర్ సపోర్ట్ వర్కర్ అంటారు. నన్నడిగితే "తోడు" అంటే చాలు. వీరి ఉద్యమానికి కన్స్యూమర్ ఉద్యమమని పేరు. దాన్ని వినియోగదారుల ఉద్యమమని తెనిగిస్తే రేషను షాపు ముందు వరస గుర్తుకొస్తుంది. ఆ మాట వారిలోనే కొందరికి గిట్టదు. గండం గడిచి బయటపడ్డవాళ్ళం, సర్వైవర్లం అనిపించుకుంటారు.

ఆలోచన మాత్రం పాతదే. పారిస్‌లో బిసెత్ర్ ఆస్పత్రి వుండేది. తోళ్ళపని చేసే పుస్సాన్ అనే ఆయన గ్రంథులు వాచే జబ్బుతో అందులో చేరి, నయమయ్యాక అక్కడే వుండిపోయి, మతి తప్పినవాళ్ళ విభాగానికి పెద్ద అయ్యాడు. నయమైన రోగులనే పరిచారకులుగా పెట్టుకునేవాడు. వాళ్ళు కొట్టరు, ఆ బాధ తెలిసినవాళ్ళు గనక. 1797లో రోగుల సంకెళ్ళు తీయించిందీ ఆయనే. ఆ కీర్తి చాలా కాలం పినెల్ అనే డాక్టరుగారి ఖాతాలో పడింది. అయితే పినెల్ మంచివాడు, పుస్సాన్ దగ్గర నేర్చుకున్నానని తన రాతల్లో ఒప్పుకున్నాడు.

తరువాత అమెరికాలో క్లిఫర్డ్ బీర్స్ మూడు ఆస్పత్రులలో పడ్డ పాట్లన్నీ 1908లో పుస్తకంగా రాసి, మరుసటి ఏడు మానసిక ఆరోగ్యానికి జాతీయ సంఘమే పెట్టించాడు. 1966లో గర్భం పోయిన దిగులుతో ఆస్పత్రి పాలైన జూడీ ఛాంబర్లిన్, బయటపడ్డాక 1978లో తన పుస్తకం వేసింది. రోగులే నడుపుకునే ఆశ్రయాలు కావాలని ఆమె వాదం. డాక్టర్ల అవసరమే లేదనేదాకా పోయేవారితో నేను ఏకీభవించను. మా వాడి సంగతి చూశాను గదా. 1999లో జార్జియా రాష్ట్రం పేదల వైద్యానికి వుద్దేశించిన ప్రభుత్వ నిధి నుంచే ఈ తోడుపనికి డబ్బు ఇవ్వటం మొదలుపెట్టింది.

మన దేశంలో తొలి అడుగు కుటుంబాలది. 1950ల చివర అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ ఆస్పత్రి ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల ఇంటివాళ్ళను రప్పించి ఉంచారు. ఈ శతాబ్దంలో గుజరాత్ ప్రభుత్వ ఆస్పత్రులలో, రోగుల హక్కులకోసం నడిచిన ఒక కార్యక్రమంలో, జబ్బుపడి తేరుకున్నవారే వాలంటీర్లుగా పనిచేశారు. మన చినవాల్తేరు ఆస్పత్రి తెల్లదొరల నాటిది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇటువంటివి మూడే వుండేవి. మిగతా రెండూ మద్రాసు, కాలికట్. "వీణ్ణి చినవాల్తేరు పంపాలి" అనటం మా వూళ్ళో ఇప్పటికీ వేళాకోళమే. హైదరాబాదువారికి ఎర్రగడ్డ వుంది.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో పాకలు అంటుకుని, గొలుసులతో కట్టివేసి వున్న 25 మందికి పైగా కాలిపోయారు. గొలుసులు వేయరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా అంటుంది. మళ్ళీ జబ్బు చేస్తే తనకే వైద్యం కావాలో, ఏది వద్దో మనిషి ముందుగా రాసిపెట్టుకోవచ్చునంటుంది. రోగుల ఫిర్యాదులు వినే బోర్డులో ఆరుగురు సభ్యులు. న్యాయమూర్తి, కలెక్టరుగారి ప్రతినిధి, ఇద్దరు డాక్టర్లు పోగా మిగిలిన రెండు కుర్చీలు జబ్బు అనుభవించినవారికో, వారి సంరక్షకులకో, స్వచ్ఛంద సంస్థలవారికో ఇవ్వాలి.

ఈ "కో" దగ్గరే నాకు పేచీ. ఆ కుర్చీలో మా తమ్ముడు కూర్చోవచ్చు, వాడికి బదులు నేనూ కూర్చోవచ్చు. డాక్టరు గదిలో నేను చేసిందే చట్టం కూడా చేయనిస్తోంది. తెలుగు వ్యాకరణం చెప్పేదాన్ని గనక ప్రత్యయాల మీద నాకు కాస్త పట్టింపు ఎక్కువ.

తోడుపనికి తర్ఫీదు కావాలి. "నేను మందు మానేసి బాగుపడ్డాను, నువ్వూ మానెయ్యి" అనే తోడు దొరికితే కొంపలంటుకుంటాయి. జీతమూ కావాలి. ఎవరి కష్టాన్నయినా సేవ అని మెచ్చుకుని వట్టి చేతులతో పంపటం మనకు బాగా అలవాటు.

తమ్ముడిప్పుడు ఒక కిరాణా కొట్టులో పద్దులు రాస్తున్నాడు. అడివివరంలో ఒక ఇల్లాలు, కొడుకు గది తలుపు తీయటం లేదని ఏడుస్తూ వచ్చింది, లెక్చరరుగారు గదా అని నా దగ్గరకు. నోరు తెరవబోయి ఆగి, వాణ్ణి పిలిచాను. అప్పటినుంచి ప్రతి గురువారం సగం రోజు సెలవు పెట్టి వెళ్ళి వస్తున్నాడు. షావుకారు ఆ సగం రోజు జీతం కోసుకుంటాడు. ఆ కోత నేను పూడుస్తున్నాను.

ఏం మాట్లాడుకుంటారురా అని ఒకసారి అడిగాను.

"అది మా ఇద్దరి సంగతక్కా" అన్నాడు.