మీకు తెలుసా? చమురును తినే నేల

1979 ఆగస్టు 20న అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, బెమిడ్జి ఊరి దగ్గర ముడిచమురు పైపులైను పగిలి సుమారు 17 లక్షల లీటర్లు ఒలికిపోయాయి. తోడినంత తోడి, కాల్చినంత కాల్చినా ఇంకా దాదాపు 4 లక్షల లీటర్లు మిగిలాయి. అందులో కొంత ఇసుక నేలలోకి ఇంకి, భూగర్భజలం మీద తెట్టులా నిలిచింది.

1983 నుంచి అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు అక్కడ బావులు వేసి నీళ్లు పరీక్షిస్తున్నారు. చమురులోంచి నీళ్లలో కరిగిన విషపదార్థం బెంజీన్‌ను నేలలోని సూక్ష్మజీవులే తినేస్తున్నాయని తేలింది! ముందు ఆక్సిజన్ వాడుకుంటాయి. అది అయిపోయాక మట్టిలోని ఇనుము మీద పడతాయి. చిక్కంతా అక్కడే: ఇనుము కరిగితే, దాన్ని అంటిపెట్టుకున్న ఆర్సెనిక్ కూడా నీళ్లలో కలుస్తోంది. ఒక విషం తగ్గుతుంటే ఇంకోటి తలెత్తుతోందన్నమాట.

కాలుష్యం తగ్గుతోందా, పెరుగుతోందా అని చెప్పడమూ తేలిక కాదు. నీటిమట్టం లేచినా పడినా బావిలో అంకెలు మారిపోతాయి. ఇలాంటి చోట్ల బాగా వాడుకలో ఉన్నది మాన్-కెండాల్ అనే గణాంక పరీక్ష. ప్రతి కొలతనూ ఆ తర్వాతి కొలతలన్నిటితో పోల్చి, పెరిగినవెన్ని, తగ్గినవెన్ని అని చూస్తారు. ఎంత పెరిగిందన్నది పట్టించుకోరు కాబట్టి, ఎప్పుడో ఒకసారి ఎగిసిన అంకె లెక్కను పెద్దగా తారుమారు చేయలేదు.