కారు కంప్యూటర్ - ఇంజిన్ లోపాల నమోదు: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

గుంటూరు, ప్రకాశం మైదానాల్లో పత్తి తీతల నుంచి మిర్చి కోతలు ముగిసేదాకా వాహనాలకు విశ్రాంతి ఉండదు. పొలాల దారుల దుమ్ములో తిరిగి గుంటూరు మిర్చి యార్డుకు చేరే బండిలో ఒక్కోసారి ఇంజిన్ ఆకారపు పసుపు దీపం వెలుగుతుంది. కొందరు బ్యాటరీ తీగను కాసేపు విప్పి దాన్ని ఆర్పేస్తారు. దీపం ఆరితే లోపం తొలగినట్టేనా? దీనిని పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం.

నేపథ్యం:

కాలుష్య నియంత్రణ కోసం అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి రెండోతరం స్వీయ లోపనిర్ధారణ వ్యవస్థ (ఓబీడీ) తప్పనిసరైంది. మన దేశంలో ఓబీడీ 2010 నుంచి దశలవారీగా అమలైంది.

గుర్తించే విధానం:

ఇంజిన్‌లోని సెన్సర్లు వేడిమి, గాలి, వేగం వంటి వివరాలను కంప్యూటర్‌కు విద్యుత్ సంకేతాలుగా పంపుతాయి. సంకేతం నిర్ణీత పరిమితిని దాటితే తీగ తెగిందనో, సెన్సర్ చెడిందనో కంప్యూటర్ అనుమానిస్తుంది. ఒక సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోతే క్రాంక్‌షాఫ్ట్ వేగం క్షణకాలం తగ్గుతుంది. ఆ స్వల్ప తేడానే లెక్కగట్టి, ఏ సిలిండర్‌లో లోపముందో గుర్తిస్తుంది. 'పి0301' అంటే మొదటి సిలిండర్‌లో మంట తప్పిందని అర్థం.

నమోదు చేసే విధానం:

చాలా లోపాలను కంప్యూటర్ మొదట తాత్కాలికంగా గుర్తుపెట్టుకుంటుంది. తర్వాతి ప్రయాణంలోనూ అదే లోపం కనిపిస్తే కోడ్‌ను స్థిరపరచి దీపం వెలిగిస్తుంది. అప్పటి ఇంజిన్ వేగం, వేడిమి, భారం వంటి వివరాలను కూడా భద్రపరుస్తుంది. మంట తప్పడం తీవ్రమైతే దీపం మిణుకుమిణుకుమంటుంది. అలాగే నడిపితే పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్ దెబ్బతింటుంది.

కోడ్ పరిమితి:

కోడ్ లక్షణాన్ని చెబుతుంది. కారణాన్ని ప్రతిసారీ చెప్పదు. 'పి0171' అంటే ఇంధనానికి మించి గాలి ఉందని సూచన. గాలిని కొలిచే సెన్సర్‌పై దుమ్ము పేరుకోవడం, గొట్టానికి చీలిక, ఇంధన పీడనం తగ్గడం - వీటిలో ఏదైనా కారణం కావచ్చు. కోడ్ చూడగానే భాగాన్ని మార్చడం, నాడి చూడకుండానే మందు ఇవ్వడం వంటిది.

ముగింపు:

బ్యాటరీ తీగ విప్పితే కోడ్‌తోపాటు ఆనాటి వివరాలూ చెరిగిపోవచ్చు. లోపం మాత్రం అలాగే ఉంటుంది. మెకానిక్‌కు దారి చూపే సాక్ష్యం పోతుంది. కనుక దీపాన్ని ఆర్పే ముందు స్కానర్‌తో కోడ్‌ను, దాని వివరాలను చదివించి రాసుకోవాలి. పంట చేతికొచ్చే రోజుల్లో బండి ఆగితే కలిగే నష్టం రైతుకు, డ్రైవరుకు తెలిసిందే. దానిని తప్పించే తొలి మెట్టు ఆ దీపాన్ని ఆర్పడం కాదు, అది చెప్పేది చదవడం.