కూలిన వంతెన కట్టడం ఎలా?

"తాతా, నాకు కూలిపోయిన వంతెన కావాల" అంది మా మనవరాలు.

దసరా సెలవుల్లో వాళ్ల నాన్న హంపి చూపించుకొచ్చాడు. విరూపాక్షుడి గోపురం, రాతి రథం అన్నీ చూసింది గాని, పిల్ల మనసు మాత్రం ఏట్లో నిలబడ్డ రాతి స్తంభాల దగ్గరే ఆగిపోయింది. బళ్లో సైన్స్ ప్రదర్శనకు అదే నమూనా చేస్తానంటుంది. కొత్త ఫ్రిజ్‌తో వచ్చిన థర్మాకోల్ పలకను అప్పటికే అటక మీంచి దింపించుకుంది.

"చేద్దాం పాపా. అయితే కూలిన వంతెన కావాలంటే ముందు బాగున్న వంతెన కట్టాల. తర్వాత దాన్ని ఏరు పడగొట్టాల. మన చేత్తో పడగొడితే చూసినోళ్లకు తెలిసిపోతుంది" అన్నాను.

పిల్లకు అర్థం కాలేదు. నాలుగు రోజులు ఇద్దరం వసారాలో కూర్చున్నాక అర్థమైంది. ఆ నాలుగు రోజుల కబుర్లే ఇవి.

హంపిలో విఠలాలయం నుంచి ఏటి గట్టుకు దిగితే పురందరదాస మంటపం కనిపిస్తుంది. తుంగభద్ర డ్యాం గేట్లు ఎక్కువగా ఎత్తితే మునిగిపోయే మంటపం అదే. ఆ దగ్గర్లోనే విజయనగరం నాటి వంతెన తాలూకు స్తంభాలు నీళ్లలో వరుసలుగా నిలబడి ఉంటాయి. నిలువు రాళ్లు, అక్కడక్కడ వాటిమీద అడ్డ దూలాలు. పైన పరిచిన దారి మాత్రం లేదు. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసువాడు డొమింగో పేస్, ఇక్కడి జనం బుట్టల్లాంటి గుండ్రటి పడవల్లో ఏరు దాటేవాళ్లని రాశాడు. లోపల బెత్తం అల్లిక, బయట తోలు. అవే మన పుట్టిలు. ఆ పుట్టి కూడా నమూనాలో ఉండాలని అప్పుడే తీర్మానించుకున్నాం. ఆ తుంగభద్ర నీళ్లే కదా తర్వాత మా కర్నూలుకు వచ్చేది!

ముందుగా తేల్చుకోవాల్సింది స్కేలు. నూరింటికి ఒకటి పెట్టుకున్నాం. అంటే నిజంలో మీటరు, నమూనాలో సెంటీమీటరు. లెక్క సులువు. అయిదున్నర అడుగుల మనిషి ఒకటిన్నర సెంటీమీటరు దాటి కొంచెం ఉంటాడు. ఈ లెక్క పిల్లకు ఒంటబట్టాలని వంటింట్లోకి తీసుకుపోయాను. బియ్యపుగింజ పొడవు ఆరు మిల్లీమీటర్లు. నమూనాలో అది అరవై సెంటీమీటర్ల రాయి, అంటే మనిషి కూర్చునేంత బండ. గసగసాలు ఒక్కోటి పిడికిలంత గులకరాయి. మరి ఏటి ఇసుకే తెచ్చి పోస్తే? అర మిల్లీమీటరు రేణువు అయిదు సెంటీమీటర్ల రాయై కూర్చుంటుంది! నిజమైన ఇసుక పోస్తే అది ఇసుకలా కనిపించదన్నమాట. "మరి ఇసుకకు ఏం చేద్దాం తాతా?" అంటే వాళ్ల అవ్వ ముగ్గుపిండి డబ్బా చూపించింది. దాంట్లో కాస్త కాఫీరంగు కలిపి పలచటి గుడ్డలో జల్లించాం. చక్కటి ఇసుక తిన్నె తయారైంది.

థర్మాకోల్‌ను మెట్లు మెట్లుగా కోసి, తెల్ల జిగురుతో అతికించాం. ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. పోయినేడు వేరే బొమ్మకు చెప్పులు అతికించే పసుపుపచ్చ జిగురు రాశాను. కళ్లముందే థర్మాకోల్ కరిగి గుంట పడింది. ఆ జిగురును పలచగా ఉంచే ద్రావకంలో పాలీస్టైరీన్ కరిగిపోతుంది. తెల్ల జిగురులో ఉండేది నీళ్లే కాబట్టి థర్మాకోల్‌కు హాని లేదు.

దానిమీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూత. పొడిని నీళ్లలో కలిపి పిల్ల అరచేతిలో ఒక ముద్ద పెట్టాను. మొదట చల్లగా ఉంది. అయిదు నిమిషాలయ్యాక కళ్లు పెద్దవి చేసి "తాతా, ఇది కాగుతోంది!" అంది. జిప్సం రాయిని కాల్చి అందులోని నీటిని చాలావరకు వెళ్లగొడితే ఈ పొడి వస్తుంది. మనం నీళ్లు పొయ్యగానే పోగొట్టుకున్న నీటిని మళ్లీ పట్టుకుని, సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలై ఒకదాంట్లో ఒకటి చిక్కుకుంటాయి. వాటి అల్లికే గట్టిదనం. అప్పుడు బయటపడే వేడే పిల్ల అరచేతికి తగిలింది. ఇది తడి ఆరి గట్టిపడటం కాదు, రసాయన చర్య. అందుకే గిన్నె కడిగిన నీళ్లు తూములో పోయకూడదు. లోపలికి పోయి నీళ్లలోనే రాయైపోతుంది.

ఇక హంపి గుండ్లు. చెక్కినట్టు నున్నగా, ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చినట్టు ఉంటాయి. అవన్నీ ఏట్లో దొర్లి గుండ్రమైనవని చాలామంది అనుకుంటారు. కొండమీదవి అలా కాదు. గ్రానైటు అడ్డంగా, నిలువుగా పగిలి పెట్టెల్లాంటి దిమ్మెలౌతుంది. ఆ పగుళ్లలోకి నీరు దిగి, మట్టి కిందే రాయిని కొరుకుతుంది. పిల్ల నోట్లో కలకండ పలుకు వేసి, "కాసేపు చప్పరించి బయటికి తీసి చూడు" అన్నాను. మూలలు ముందు కరిగి గుండ్రమయ్యాయి. మూలకు మూడు వైపుల నుంచి దెబ్బ, అంచుకు రెండు వైపుల నుంచి, మధ్య చదునుకు ఒక్కవైపు నుంచే. లక్షల ఏళ్లు అలా జరిగాక పైమట్టి కొట్టుకుపోతే గుండ్లు మిగులుతాయి. మేం ప్లాస్టర్ దిమ్మెలను చిన్న చిన్న పెట్టెలుగా కోసి, తడిగుడ్డతో మూలలే ఎక్కువ రుద్దాం. హంపి వచ్చేసింది.

ఏటి అడుగున బండల్లో గుండ్రటి గుంటలు ఉంటాయి, చూశారా? సుడిలో చిక్కిన గులకరాళ్లు తిరిగి తిరిగి తొలిచినవి అవి. ఏరే రోలు, గులకరాయే పొత్రం. వాటిని పెన్సిలు మొనతో తిప్పి పెట్టింది పిల్ల.

అసలు సంగతి వంతెనలో ఉంది. స్తంభాలకు, దూలాలకు సుద్దముక్కలు తీసుకున్నాం. బడిలో వాడే మామూలు సుద్ద ఎక్కువగా జిప్సమే, మన ప్లాస్టర్‌కు చుట్టం. రాయిలాగే పెళుసు. మూడు సుద్దముక్కలు నిలబెట్టి వాటిమీద బరువైన నిఘంటువు పెట్టాను. కదల్లేదు. ఒక సుద్దను రెండు ఇటుకల మీద అడ్డంగా పెట్టి, మధ్యలో దారం కట్టి తాళాలగుత్తి వేలాడదీశాను. ఒక్కో తాళం కలుపుతూ పోతే కాసేపటికి టప్పున విరిగింది. దూలం వంగేటప్పుడు పైవైపు నొక్కుకుంటుంది, అడుగువైపు సాగుతుంది. రాయి నొక్కుడును ఎంతైనా ఓరుస్తుంది గాని సాగదీస్తే ఓర్వదు. గ్రానైటుకు నొక్కుడును తట్టుకునే బలంలో, లాగుడును తట్టుకునే బలం పదోవంతు కూడా ఉండదు. అందుకే చీలిక ఎప్పుడూ అడుగున మొదలై పైకి పాకుతుంది.

అంటే రాతిదూలం పొడుగ్గా ఉండటానికి వీల్లేదు. దూలం పొట్టిదైతే స్తంభాలు దగ్గర దగ్గరగా నిలపాలి. దగ్గరగా నిలిపితే నీళ్లకు సందు తగ్గుతుంది. హంపి వంతెన అంత ఒత్తుగా ఎందుకుందో, ఆ ఒత్తే ఏటికి ఎందుకు అడ్డమో పిల్లకు ఒక్క సుద్దముక్కతో తెలిసింది. నీళ్లు ఎగువన లేచి, సందుల్లోంచి మరింత వడిగా దూకుతాయి. వరదలో కొట్టుకొచ్చే చెట్టు ఒకటి, రెండు స్తంభాల మధ్య అడ్డం పడిందంటే, దానికి కంపా చెత్తా చేరి సందు గోడైపోతుంది.

"అంత పెద్ద రాళ్లను నీళ్లు ఎట్లా తోస్తాయి తాతా?"

ఈ ప్రశ్నకు బకెట్ కావలసొచ్చింది. అవ్వ దగ్గర పాత రోటి పొత్రం ఉంది. తాడు కట్టి స్ప్రింగ్ కాటాకు తగిలిస్తే నాలుగు కిలోలు తూగింది. అలాగే వేలాడదీసి బకెట్ నీళ్లలో ముంచాను. ముల్లు రెండున్నర దగ్గర ఆగింది! బావిలో బిందె నీళ్లలో ఉన్నంతసేపు తేలిగ్గా వచ్చి, నీటిమట్టం దాటగానే చేతులు లాగేస్తుంది కదా, అదే సూత్రం. గ్రానైటు నీటికన్నా సుమారు 2.65 రెట్లు బరువు. మునిగిందంటే ఆ బరువులో మూడోవంతు కన్నా ఎక్కువే పోయినట్టు లెక్క. బరువే ఆధారంగా నిలబడ్డ దూలానికి వరదనాడు ఆ ఆధారమే తగ్గిపోతుంది.

రెండో సంగతి వేగం. సెకనుకు మీటరు వేగంతో పారే నీరు చదరపు మీటరు ముఖాన్ని సుమారు యాభై కిలోల బరువుతో తోస్తుందనుకోండి. వేగం మూడు మీటర్లైతే తోపుడు మూడింతలు కాదు, తొమ్మిదింతలు. నాలుగున్నర వందల కిలోలు. వేగం రెండింతలైతే ఏరు దొర్లించగల రాయి బరువు లెక్కప్రకారం అరవై నాలుగు రెట్లు పెరుగుతుంది. ఏటి సంగతి తెలిసిన ఇంజనీర్లు ఈ లెక్కకే భయపడతారు.

2009 అక్టోబరు 2న మా కర్నూలును తుంగభద్ర, హంద్రీ కలిసి ముంచెత్తిన రోజు నేనిక్కడే ఉన్నాను. మేడమీదికెక్కి చూస్తుంటే వీధిలో నీళ్లు పోతున్న శబ్దం ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. నీళ్లు తీశాక మా వాకిట్లోని చప్టారాయి నాలుగిళ్ల అవతల దొరికింది. ఇద్దరం మనుషులం కలిసి ఎత్తలేకపోయిన రాయి అది.

మూడోరోజు వంతెన పూర్తయింది. పడగొట్టే పని పిల్లకు అప్పగించాను. సుద్దదూలాలను కత్తితో కొయ్యొద్దు, చేత్తో విరువు అన్నాను. విరిగినచోటు గరుగ్గా, రాయి విరిగినట్టే ఉంటుంది. కోసినచోటు కోసినట్టే ఉంటుంది. విరిచిన ముక్కల్ని తనకు అందంగా కనిపించినచోటల్లా అతికించేసింది. నాలుగు ముక్కలు స్తంభాలకు ఎగువన కూడా పడ్డాయి. నేనేమీ అనలేదు. "రేపు చూద్దాం, జిగురు ఆరనీ" అన్నాను.

ఆలోగా ఏటి అడుగు దిద్దే పని పట్టాం. సముద్రం ఒడ్డున నిలబడ్డప్పుడు అల వెనక్కి పోతూ మడమల కింద ఇసుకను లాగేసుకుంటుంది, గుర్తుందా? కాలికి తగిలిన నీరు కిందికి తిరిగి, సుడిగా రెండు పక్కలకూ చుట్టుకుపోతుంది. స్తంభానికైనా బండకైనా అంతే. ఎదురుముఖం దగ్గర, పక్కల గుంట పడుతుంది. వెనకవైపు నీటి వడి తగ్గి ఇసుక తోకలా పేరుకుంటుంది. అందుకే ప్రతి రాయి వెనకా చిటికెడు ముగ్గుపిండి, ముందు వేలితో నొక్కిన చిన్న గుంట. పలకల్లాంటి గులకరాళ్లు ఏట్లో ఎలా పడితే అలా ఉండవు. పెంకుటింటి పెంకుల్లా ఒకదానిమీద ఒకటి వాలి ఉంటాయి, ఎగువ అంచు కిందికి, దిగువ అంచు పైకి. అలా వాలినప్పుడే నీరు వాటిని లేపలేదు. ఎండిన ఏటికి పోతే రాళ్ల వాలును బట్టి నీళ్లు ఎటు పారాయో చెప్పొచ్చు. సన్నటి పెంకుముక్కల్ని చిమటాతో ఒక్కొక్కటే ఆ వాలులో అతికించడానికి పూట పట్టింది. నమూనా మొత్తంలో నాకు బాగా నచ్చింది అదే.

మిగిలింది నీళ్లు. నిజం నీళ్లు పోస్తే పోలా అనిపిస్తుంది. పొయ్యకూడదు. నీటిని మనం కుదించలేం. అయిదు మిల్లీమీటర్ల చుక్క నమూనాలో అర మీటరు బంతి. అంచుల్లో నీరు గాజుపలక మీద లేచినట్టు లేస్తుంది, ఎందుకంటే తలతన్యత మన స్కేలును పట్టించుకోదు. పెద్ద నమూనాల్లో నిజం నీళ్లు పారించేవాళ్లు ఉన్నారు. 1916లో మొదలై, ఇప్పుడు పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న జలపరిశోధన కేంద్రంలో నదుల్ని, డ్యాముల్ని నమూనాలుగా కట్టి నీళ్లు వదులుతారు. వాళ్లకు దారి చూపింది విలియం ఫ్రౌడ్ అనే ఆంగ్లేయుడు. 1870లలో పెద్ద తొట్టిలో ఓడల బొమ్మల్ని లాగి చూసి, స్కేలుకు వర్గమూలం తీసి వేగం కుదించాలని తేల్చాడు. నూరింటికి ఒకటైతే నీరు పదోవంతు వేగంతో పారాలి.

మాది కదలని నీరు కాబట్టి పారదర్శకమైన ఎపాక్సీ పోశాం. రెండు ద్రవాలు కలిపితే అదీ కాగుతుంది. ఒక్కసారే మందంగా పోస్తే వేడి బయటికి పోలేక పొగ లేచి పగులుతుంది. పొర మూడు మిల్లీమీటర్లకు మించకుండా, రాత్రికొకటి చొప్పున పొయ్యాలి. చేతికి తొడుగులుండాలి, కిటికీలు తెరిచి ఉండాలి, ఈ పని పెద్దవాళ్లే చెయ్యాలి. మొదటి పొరలో ఒక చుక్క ఆకుపచ్చ, ఒక చుక్క మట్టిరంగు. లోతుగా ఉన్నచోట రంగు ముదురుతుంది, ఒడ్డున అడుగు కనిపిస్తుంది.

ఆ మొదటి పొర పొయ్యబోతుంటే పిల్ల నా చెయ్యి పట్టుకుంది. ముఖం బల్లకు ఆనించి, ఒక కన్ను మూసి, ఏటి మట్టానికి చూపు పెట్టి చూస్తోంది. ఒకటిన్నర సెంటీమీటరు మనిషికి ఎలా కనిపిస్తుందో అలా.

"తాతా, ఈ దూలం ఇక్కడికెట్లా వచ్చింది? నీళ్లు అట్నుంచి ఇటు కదా వచ్చేది?"

తడిదూది పెట్టి జిగురు నానబెట్టింది. ఎగువన అతికించిన నాలుగు ముక్కల్నీ ఊడదీసి, స్తంభాలకు దిగువన, ఒకదాన్ని కొంచెం దూరంగా, ఒకదాన్ని రెండు గుండ్ల మధ్య ఇరికించి పెట్టింది. వాటి వెనక ముగ్గుపిండి తోకలు దిద్దింది. తర్వాత అవ్వ ఇచ్చిన కుంకుడుకాయ పెంకును సగానికి కోసి, రెండు సెంటీమీటర్ల పుట్టిగా చేసి, స్తంభాలకు ఎగువన, నీటి అంచున ఆపింది. "వరద తగ్గాక దాటుతారు" అంది. అప్పుడు మొదటి పొర పోశాను.