చూపు తిరిగొచ్చినా నరం దాచుకునే లెక్క: వీఈపీ పరీక్ష గురించి

ఈ వారం ఎపిసోడ్‌లో టైం చాలక గబగబా చెప్పేసిన సంగతిని ఇక్కడ కుదురుగా రాస్తున్నాను. ముందే చెప్పేస్తా, నేను డాక్టర్ని కాదు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేశాను, ఇప్పుడు ఐర్లాండ్‌లో బిల్డింగ్ సైట్ల మీద సూపర్‌వైజర్‌ని. మా సైట్‌లో పనిచేసే కడప తమ్ముడు ఒకతనికి ఈ పరీక్ష చేయించాల్సి వచ్చింది, తోడుగా నేను వెళ్ళాను. రాయమని తనే అన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు.

అతని సమస్య ఇదీ. రెండేళ్ళ కిందట చలికాలంలో కుడి కన్ను మసకబారింది. కన్ను అటూఇటూ తిప్పితే లోపల నొప్పి. ఆరెంజ్ సేఫ్టీ జాకెట్ ఆ కంటికి వెలిసిపోయిన గుడ్డలా కనిపించేదట. మూడు నాలుగు వారాల్లో చూపు దానంతటదే తిరిగొచ్చింది. తగ్గిపోయింది కదా అని ఎవరికీ చూపించుకోలేదు. పోయినేడు నడుము కింద నుంచి కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఎమ్మారై తీస్తే వెన్నుపాములో మచ్చ కనిపించింది. "ఇంతకు ముందు ఎప్పుడైనా చూపు తగ్గిందా?" అని న్యూరాలజిస్ట్ అడిగారు. తగ్గింది. కానీ ఆ సంగతి రాసున్న కాగితం ముక్క లేదు. ఇప్పుడు చార్టు చదివిస్తే రెండు కళ్ళూ 6/6.

అప్పుడు పోయింది నిజంగా కంటి నరం వల్లేనా? దీన్ని తేల్చడానికే వీఈపీ. విస్తరిస్తే విజువల్ ఎవోక్డ్ పొటెన్షియల్. కంటికి ఒక బొమ్మ చూపించి, ఆ కబురు మెదడు వెనక భాగానికి చేరడానికి ఎంతసేపు పట్టిందో కొలుస్తారు. అంతే.

ఎందుకు ఆలస్యం అవుతుంది?

నరం మీద మైలిన్ అనే తొడుగు ఉంటుంది. వైరు మీద ఇన్సులేషన్ లాంటిది అని అందరూ చెప్తారు. మా ట్రేడ్ వాడిగా నాకు ఆ పోలిక సగమే నచ్చుతుంది. వైరుకి ఇన్సులేషన్ ఊడితే లీకేజీ అవుతుంది, షార్ట్ అవుతుంది. అంతేగానీ కరెంటు లేటుగా రాదు. నరంలో మైలిన్ ముక్కలు ముక్కలుగా ఉంటుంది, ముక్కకీ ముక్కకీ మధ్య సన్నటి ఖాళీ. సిగ్నల్ ఒక ఖాళీ నుంచి ఇంకో ఖాళీకి గెంతుకుంటూ పోతుంది. అందుకే అంత వేగం. మైలిన్ ఊడిన చోట గెంతడం కుదరదు. పాక్కుంటూ పోవాలి, లేదంటే అక్కడే ఆగిపోవాలి.

వాపు తగ్గాక ఆగిన సిగ్నల్ మళ్ళీ దాటుతుంది, చూపు వస్తుంది. కానీ తిరిగి పట్టిన మైలిన్ పల్చగా ఉంటుంది. అందుకని చాలామందిలో ఆ ఆలస్యం ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. లండన్ క్వీన్ స్క్వేర్ ఆస్పత్రిలో హాలిడే, మెక్‌డొనాల్డ్, ముషిన్ అనే ముగ్గురు 1972లో లాన్సెట్ పత్రికలో చూపించింది ఇదే. చూపు బాగుపడ్డ వాళ్ళలో కూడా సిగ్నల్ లేటుగానే వస్తోంది.

పరీక్ష ఎలా చేస్తారు?

కుర్చీలో కూర్చోబెట్టి, తల వెనక భాగంలో, నడినెత్తిన జిగురుతో చిన్న ఎలక్ట్రోడ్లు అంటిస్తారు. అవి సిగ్నల్ తీసుకుంటాయి, కరెంటు పంపవు. మనోళ్ళు చాలామంది షాక్ పెడతారేమోనని భయపడతారు, అలాంటిదేమీ లేదు. దాదాపు ఒక మీటరు దూరంలో స్క్రీను. దాని మీద చదరంగం బల్లలా నలుపు తెలుపు గళ్ళు. సెకనుకి సుమారు రెండుసార్లు నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది. ఒక కన్ను మూసి, ఇంకో కంటితో మధ్యలో చుక్కనే చూస్తుండాలి. తర్వాత రెండో కన్ను.

మెదడులో ఎప్పుడూ ఏదో ఒక కరెంటు గోల ఉంటుంది. మనకి కావలసిన సిగ్నల్ కొన్ని మైక్రోవోల్టులే, ఆ గోలలో కలిసిపోతుంది. అందుకని వందసార్లో అంతకన్నా ఎక్కువో గళ్ళు మార్చి సగటు తీస్తారు. గోల ఒకదానికొకటి కొట్టేసుకుంటుంది, అసలు సిగ్నల్ మిగులుతుంది. ఆ గీతలో సుమారు 100 మిల్లీసెకన్ల దగ్గర ఒక శిఖరం వస్తుంది. దాని పేరు పీ100. ఎంతవరకు నార్మల్ అనేది ఒక్కో ల్యాబ్‌కి కొంచెం మారుతుంది. రెండు కళ్ళకీ మధ్య తేడా కూడా చూస్తారు.

మా తమ్ముడికి ఎడమ కన్ను 101, కుడి కన్ను 130. అక్షరాలన్నీ గడగడా చదివేసిన కన్నే అది.

ఆలస్యం కనిపిస్తే ఎంఎస్ ఉన్నట్టేనా?

కాదు. రిపోర్టు చూసి ఎవరూ సొంతంగా తేల్చుకోకండి. గ్లకోమా ఉన్నా, కంటి నరాన్ని ఏదైనా గడ్డ నొక్కుతున్నా, బీ12 తక్కువున్నా గీత తేడాగా రావచ్చు. మాంసం, గుడ్లు ముట్టని మనవాళ్ళు బీ12 సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఎన్ఎంఓ అనే ఇంకో జబ్బు ఉంది, అదీ కంటి నరాన్నీ వెన్నుపామునీ పడుతుంది. ఎంఎస్‌కి ఇచ్చే కొన్ని మందులు దాన్ని ఇంకా పెంచుతాయి. అందుకే అనుమానం ఉంటే ఆక్వాపోరిన్-4 యాంటీబాడీకి రక్తపరీక్ష చేస్తారు.

వీఈపీ ఒక సాక్షి మాత్రమే. తీర్పు చెప్పేటప్పుడు డాక్టర్లు మిగతా సాక్షులనీ పిలుస్తారు. మా వాడికి వెన్నుపాము మచ్చ ఒక చోటు, కంటి నరం రెండో చోటు, వెన్నునీటి పరీక్షలో ఎంఎస్‌లో కనిపించే ప్రోటీన్ గీతలు. అన్నీ కలిపి మల్టిపుల్ స్క్లెరోసిస్ అని చెప్పారు.

ఈ సాక్షికి విలువ పెరుగుతూ తగ్గుతూ వచ్చింది. 1983 నాటి పోజర్ ప్రమాణాల్లో దీనికి చోటుంది. 2001లో మెక్‌డొనాల్డ్ పేరుతో వచ్చిన ప్రమాణాల్లో ఎమ్మారై ముందుకొచ్చింది, తర్వాతి సవరణల్లో వీఈపీ పక్కకి జరిగింది. 2024 సవరణలో కంటి నరాన్ని ఐదో చోటుగా చేర్చారు. దాంతో ఈ పరీక్ష మళ్ళీ లెక్కలోకి వచ్చింది.

ఐర్లాండ్‌లో ఉన్న మనకి ఎందుకు?

ఎంఎస్ ఎక్కువగా ఉన్న దేశాల్లో ఇదొకటి. 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో ఉత్తరాన డొనెగల్‌లో లక్షకి సుమారు 185 మంది, దక్షిణాన వెక్స్‌ఫర్డ్‌లో 121 మంది తేలారు. మన ఊళ్ళలో ఇది అరుదు కాబట్టి, కన్ను మసకబారితే నిద్ర చాలలేదనో వేడి చేసిందనో అనుకుంటాం. ఎంఎస్‌కి మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. అందుకే నా మాటగా ఇవి:

ఒక కంటికి చూపు తగ్గినా, కన్ను తిప్పితే నొప్పి వచ్చినా, ఎరుపు వెలిసినట్టు కనిపించినా అదే రోజు చూపించుకోండి. డబ్లిన్‌లో అయితే అడిలైడ్ రోడ్డులో రాయల్ విక్టోరియా ఐ అండ్ ఇయర్ హాస్పిటల్ ఉంది, అక్కడ కళ్ళకి ఎమర్జెన్సీ విభాగం ఉంది.

చూపు తిరిగొచ్చినా జీపీకి చెప్పి రికార్డులో రాయించండి. ఏ తేదీన, ఏ కన్ను, ఎన్ని రోజులు అన్నది ఫోన్‌లో కూడా రాసి పెట్టుకోండి.

వీఈపీకి వెళ్ళేముందు తలస్నానం చేయండి, కొబ్బరి నూనె రాయకండి, ఎలక్ట్రోడ్లు అంటవు. కళ్ళద్దాలు మర్చిపోకండి. నైట్ షిఫ్టు దిగి నేరుగా వెళ్ళకండి. కునుకు పడితే, చూపు స్క్రీను మీద నిలవకపోతే గీత పాడవుతుంది.

తమ్ముడికి మందు మొదలైంది. ఎత్తు మీద పని తప్పించి, స్టోర్స్‌కి మార్చాం. ఊళ్ళో అమ్మకి ఇంకా చెప్పలేదు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఎదురుగా కూర్చుని చెప్తానన్నాడు.

ఎపిసోడ్ పూర్తి ట్రాన్స్‌క్రిప్ట్ కింద ఉంది.