స్క్రీన్ నల్లబడి మళ్లీ వస్తోందా? ముందు డ్రైవర్ తేదీ చూడండి
గేమ్ ఆడుతుంటే స్క్రీన్ ఒక్కసారి నల్లబడి మళ్లీ వచ్చిందా? తప్పు గేమ్‌దే అనుకుని అన్‌ఇన్‌స్టాల్ చేసేయకండి. గ్రాఫిక్స్ కార్డ్ 2 సెకన్లలో స్పందించకపోతే విండోస్ దాన్ని, దాని డ్రైవర్‌ని రీసెట్ చేస్తుంది. అదీ కుదరకపోతే బ్లూ స్క్రీనే! విండోస్, గేమ్ రెండూ అప్‌డేట్ అయినా డ్రైవర్ మాత్రం పాతదే ఉండిపోవడం దీనికి ఒక కారణం. (వేడెక్కడం ఇంకోటి.)

డివైస్ మేనేజర్‌లో కార్డ్ పేరుపై రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్ తెరిస్తే తేదీ ఉంటుంది. ఇక్కడో తిరకాసు: సిస్టమ్ డివైసెస్‌లో చాలావాటికి 2006 జూన్ 21 అని కనిపిస్తుంది. కంగారుపడకండి. తయారీ కంపెనీ డ్రైవర్‌కే ప్రాధాన్యం దక్కాలని మైక్రోసాఫ్ట్ తన డ్రైవర్లకు కావాలనే ఆ తేదీ వేసింది. "మీ డ్రైవర్లు పాతవి" అని భయపెట్టే ఫ్రీ అప్‌డేటర్ల జోలికి పోవద్దు. ఎన్విడియా, ఏఎండీ, ఇంటెల్ సైట్ల నుంచే దించుకోండి. కొత్తదానితో ఇబ్బంది వస్తే, అదే ట్యాబ్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి.