నల్లగొండ పేరు ఆఫ్రికా పల్లెల్లో

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల వారికి ఫ్లోరైడ్ అంటే ఏమిటో కొత్తగా చెప్పనక్కరలేదు. గారపట్టిన పళ్లు, నలభై ఏండ్లకే వంగని నడుము, మెడ తిరగక ఒళ్లంతా తిప్పి చూసే మనుషులు... మా ఆసుపత్రి వరండాలో ఎన్నో ఏండ్లు చూశాము. మన దేశంలో ఈ జబ్బును 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించినా, చెడ్డపేరు మాత్రం మన ఉమ్మడి నల్లగొండ జిల్లాకే వచ్చింది.

ఆ పేరు మీదే ఒక మంచి పని కూడా ఉన్నదని మనలో చాలామందికి తెలియదు. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రజ్ఞులు నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ తగు పాళ్లలో కలిపి, మడ్డి అడుగుకు దిగిన తరువాత పైనీళ్లు వాడుకునే విధానం తయారుచేశారు. దానికి 'నల్లగొండ పద్ధతి' అని పేరు. అది కెన్యా, టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. అక్కడి రిఫ్ట్ లోయ అగ్నిపర్వతాల నేల. బావుల్లో ఫ్లోరైడ్ ఎక్కువ.

టాంజానియా పల్లెల్లో దీన్ని రెండు బకెట్ల పనిగా మార్చారు. పై బకెట్లో ఇరవై లీటర్ల నీళ్లు పోసి, పటిక, సున్నం వేసి, అరవై లెక్కపెట్టేదాకా కర్రతో గట్టిగా కలపాలి. తరువాత ఐదు నిమిషాలు మెల్లగా తిప్పాలి. గంటసేపు కదపకుండా ఉంచి, గుడ్డ గుండా కింది బకెట్లోకి వంపుకోవాలి. చదువురాని తల్లి కూడా చేసుకోగలదు. పటిక మాత్రం కంటి అందాజాతో వేయరాదు. నీళ్లు పరీక్ష చేయించి, ఎంత వేయాలో తెలుసుకోవాలి.

కెన్యాలో నకురు కథోలిక మేత్రాసనం వారు 1990ల చివర్లో మరో దారి పట్టారు. పశువుల ఎముకలను బట్టీలో కాల్చి, ఆ బొగ్గు గుండా నీళ్లు వడకట్టడం. (మన ఊళ్లలో ఎముకల బొగ్గు అంటే ఎవరూ ఆ నీళ్లు ముట్టరు, అది వేరే మాట.) మాకు నచ్చినది బొగ్గు కాదు. వారు ఫిల్టరు ఊరికే ఇచ్చి చేతులు దులుపుకోలేదు. జనం ఖరీదు పెట్టి కొన్నారు. నీళ్లు పరీక్షించడం, పనితీరిన బొగ్గు మార్చడం కూడా అక్కడే ఏర్పాటు చేశారు.

ఇది చదివినప్పుడు మాకు సిగ్గు వేసింది. చాలా ఏండ్ల కింద మేము ఒక ఊరిలో అల్యూమినా ఫిల్టర్లు ఉచితంగా పంచాము. ప్రార్థన చేసి, ఫోటోలు దిగి వచ్చాము. ఏడాది తరువాత పోతే ఒక ఇంట్లో ఆ ఫిల్టరులో కందులు పోసి పెట్టారు. ఆ ఇల్లాలిని అడిగితే, "అండ్ల మందు అయిపోయింది సిస్టరమ్మా, మీరు మళ్ల వస్తరనుకున్నం" అన్నది. ఆమె చంకలో రెండేండ్ల పిల్ల. ఎనిమిదేండ్ల లోపు తాగిన నీళ్లే పర్మినెంటు పళ్లను చెడగొడతాయి. ఆ ఏడాది ఆ పిల్ల బోరు నీళ్లే తాగింది. తప్పు ఆమెది కాదు. అల్యూమినాను కొన్ని నెలలకొకసారి శుద్ధి చేయాలని, అది ఎవరు చేస్తారని మేము ఊరిలో ఒక్కరితోనైనా మాట్లాడలేదు.

2016లో మిషన్ భగీరథ ప్రారంభమైన తరువాత ఇంటింటికి నల్లా నీళ్లు వచ్చాయి. చాలా మేలు జరిగింది. అయినా పైపు పగిలిన రోజు బిందెలు మళ్లీ పాత బోరుకే పోతాయి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని ఇంకా కొందరు నమ్ముతారు. పోదు. నీళ్లు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి, వండడానికి వద్దు. పిల్లలకు పాలు, రాగులు, ఆకుకూరలు, జామపండు పెట్టండి. చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతుందని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వారి పరిశోధనలో తేలింది. అంటే మన పచ్చిపులుసు మంచిదే. కానీ పచ్చిపులుసు తాగుతున్నాము కదా అని నీళ్ల సంగతి విడిచిపెట్టకండి.

ఈసారి మేము ఫిల్టర్లు పంచము. మీ ఊరి మహిళా సంఘం నుంచి ఇద్దరిని పంపితే రెండు బకెట్ల పని నేర్పుతాము. పటిక, సున్నం ఖర్చు, లెక్కల పుస్తకం సంఘానివే. మిగిలిన మడ్డిని బావికి, గొడ్ల తొట్టికి దూరంగా గుంట తీసి పూడ్చాలి. వచ్చేటప్పుడు మీ బోరు నీళ్లు అర లీటరు తీసుకురండి. గాజు సీసా వద్దు, కడిగిన ప్లాస్టిక్ సీసాలో తెండి. దాని మీద ఊరి పేరు, ఏ బోరో రాసి పెట్టండి.