అద్దాల మేడల చాటున అపురూపమైన బండలు

శేరిలింగంపల్లి: హైటెక్ సిటీ అనగానే ఆకాశాన్నంటే అద్దాల మేడలు, రాత్రిపూట రంగు దీపాలతో మెరిసే తీగల వంతెన గుర్తుకు వస్తాయి. రంగారెడ్డి జిల్లా పల్లెల నుంచి ఆదివారం పూట పిల్లాపాపలతో వెళ్లేవారు కూడా వంతెన మీద ఫోటోలు దిగి, నాలుగు మేడలు చూసి తిరుగుముఖం పడుతున్నారు. ఆ వంతెన కిందనే, ఆ మేడల వెనుకనే సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి బండలు ఉన్నాయన్న సంగతి చాలామందికి తెలియదు. తెలిసేలోపే అవి ఒక్కొక్కటిగా మాయమైపోతున్నాయి.

గత నెలలో ఈ విలేఖరి చేవెళ్ల వైపు పల్లెకు చెందిన ఒక పెద్దాయనతో కలిసి ఒక రోజంతా ఈ ప్రాంతంలో తిరిగాడు. ఆయన వడ్డెర. నలభై ఏళ్లు సమ్మెట పట్టిన మనిషి. మాదాపూర్‌లో వాచ్‌మన్‌గా పనిచేస్తున్న మనుమణ్ణి చూసి రావడానికి బయలుదేరాడు. బండలు చూద్దామంటే మొదట నవ్వాడు. "బండలు సూడనీకి పట్నం పోవుడేంది సారూ" అన్నాడు.

గుట్టల నడుమ దాగిన చెరువు

మొదట దుర్గం చెరువుకు వెళ్లాం. చుట్టూ గుట్టలు ఉండటంతో ఒకప్పుడు దగ్గరికి వచ్చేదాకా ఇక్కడ నీళ్లున్నాయని తెలిసేది కాదు. అందుకే దీనికి రహస్య చెరువు అన్న పేరు వచ్చింది. కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండ కోటకు మంచినీళ్లు ఇక్కడి నుంచే వెళ్లేవి. 2020 సెప్టెంబరులో చెరువు మీద తీగల వంతెన ప్రారంభమయ్యాక ఇక్కడికి వచ్చే జనం పెరిగారు. కానీ వచ్చినవారి చూపంతా వంతెన మీదనే. ఒడ్డున నిటారుగా నిలబడిన బండలను, వాటి సందుల్లో మొలిచిన చెట్లను చూసేవారు తక్కువ. ఈ బండలు ఒకప్పటి హుడా తయారుచేసిన వారసత్వ జాబితాలో ఉన్నాయి.

అదే జాబితాలో శిల్పారామంలోని 'ఎలుగుబంటి ముక్కు' బండ కూడా ఉంది. చేనేత చీరలు, కొయ్య బొమ్మలు కొనడానికి శిల్పారామం వెళ్లినవారు ఆ బండ పక్క నుంచే నడిచి పోతుంటారు.

ఎవరూ పేర్చని బండలు

అక్కడి నుంచి పాత బొంబాయి రోడ్డు మీద ఉన్న హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు వచ్చాం. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో హుస్సేన్ సాగర్ నిర్మాణాన్ని పర్యవేక్షించిన సూఫీ ఈయనే. ఆయన పేరే ఆ చెరువుకు నిలిచింది. పట్నం నడిబొడ్డున ఉన్న అంత పెద్ద చెరువును కట్టించిన మహనీయుడి సమాధి ఇక్కడ ఉందని బస్సుల్లో రోజూ దీని ముందు నుంచి వెళ్లేవారిలో ఎందరికో తెలియదు.

దర్గా దగ్గరి బండల ముందు పెద్దాయన ఆగిపోయాడు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్నాయి. "గిట్ల ఎత్తి పెట్టాలంటే క్రేను గావాలె. ఎవలు పెట్టిన్రు?" అని అడిగాడు.

ఎవరూ పెట్టలేదు. భూమి లోపల కరిగి ఉన్న శిల నెమ్మదిగా చల్లారి నల్లసారపు రాయిగా గట్టిపడింది. కోట్ల ఏళ్లలో పైనున్న మట్టి కొట్టుకుపోయి ఆ రాయి పైకి తేలింది. దానిలో నిలువుగా, అడ్డంగా పగుళ్లు వచ్చాయి. పగుళ్లలోకి నీరు దిగి అంచులను, మూలలను తినేసింది. మెత్తబడినదంతా వానలకు కొట్టుకుపోయింది. గట్టి భాగం గుండుగా మారి, ఉన్నచోటనే ఒకదాని మీద ఒకటి నిలిచిపోయింది. అంటే ఇవి పైకెత్తి పేర్చినవి కావు, ఒకే బండ నుంచి విడివడి మిగిలినవి.

ఈ మాట చెబితే పెద్దాయనకు వెంటనే అర్థమయింది. "బండకు వాటం ఉంటది సారూ. వాటం దొరికితే చిన్న ఉలికే పగులుతది. నీళ్లు గూడ గా వాటం పట్టుకునే పోయినట్టుంది" అన్నాడు. శాస్త్రజ్ఞులు చెప్పేదీ ఇంచుమించు అదే.

కర్ణాటకలోని హంపిలోనూ ఇలాంటి బండల గుట్టలే ఉన్నాయి. 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన హంపిని చూడటానికి విదేశాల నుంచి జనం వస్తున్నారు. శిథిలాల కోసం వచ్చినవారు ఆ బండలను చూసి ముచ్చటపడి వెళుతున్నారు. మన ఇంటి పక్కనున్న బండలకు మాత్రం కంకర ధరే కడుతున్నాం.

గుట్టపై గుడి, దర్గా

దర్గాకు దగ్గరలోనే ఖాజాగూడలో ఫక్రుద్దీన్ గుట్ట ఉంది. ఈ ఒక్క గుట్ట మీదనే అనంత పద్మనాభ స్వామి గుడి, బాబా ఫక్రుద్దీన్ దర్గా ఉన్నాయి. కొందరు మొక్కులకు వస్తారు. కొందరు యువకులు తాళ్లు కట్టుకుని బండలెక్కడం నేర్చుకోవడానికి వస్తారు. పైకెక్కి చూస్తే ఒకవైపు గుండ్లు, మరోవైపు అద్దాల మేడలు కనిపిస్తాయి. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించే నాటికి ఈ చుట్టుపక్కల ఎక్కువగా గుట్టలూ పొదలే ఉండేవి. పాతికేళ్లు దాటేసరికి మేడలు పెరిగాయి, గుట్టలు తరిగాయి.

మరికొంత దూరం వెళితే 1974లో స్థాపించిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం వస్తుంది. ఆ ఆవరణలో గొడుగు విప్పినట్టు నిలిచిన 'పుట్టగొడుగు బండ' ఉంది. అక్కడ జరిగిన తవ్వకాల్లో పెద్ద రాళ్లు పేర్చి కట్టిన ప్రాచీన సమాధులు బయటపడ్డాయి. అంటే కంపెనీలకే కాదు, నవాబులకు కూడా ఎంతో ముందే ఇక్కడ మనుషులు బతికారన్నమాట. దానిని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో 2025లో చెట్లు కొట్టి చదును చేయడం మొదలుపెట్టగా విద్యార్థులు ఆందోళన చేశారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ పనులను ఆపించింది.

పగలగొట్టకుండా కట్టలేమా?

ఇళ్లు కావాలి, కొలువులు కావాలి. మన పల్లెల పిల్లలు ఎందరో ఆ మేడల్లోనే అన్నం తింటున్నారు. కాదనలేం. అయితే బండను పేల్చితేనే ఇల్లు లేస్తుందా అన్నది ప్రశ్న. హైదరాబాద్ చరిత్ర రాసిన రిటైర్డ్ ఐ.ఏ.ఎస్. అధికారి నరేంద్ర లూథర్ బంజారాహిల్స్‌లో బండను పగలగొట్టకుండా దాని చుట్టూనే ఇల్లు కట్టుకున్నారు. ఆయన 2021లో కన్నుమూశారు. బండలను కాపాడాలని 1996 నుంచి పనిచేస్తున్న సంఘం కూడా నగరంలో ఉంది. వారు జనాన్ని వెంటబెట్టుకుని బండల మధ్య నడిపిస్తూ వాటి సంగతులు వివరిస్తుంటారు.

గుట్ట దిగుతుండగా ఒకచోట బండకు తూటాల కోసం వేసిన రంధ్రాలు కనిపించాయి. పెద్దాయన అందులో వేలు పెట్టి చూసి, కాసేపు మాట్లాడలేదు. తరువాత ఇలా అన్నాడు: "మేం కొట్టిన గుట్టలకు లెక్కలేదు. బండ పగిలితే మనమే గట్టోళ్లం అనుకునేటోన్ని. పగిలినంక మళ్ల అతకది గద సారూ." కొట్టింది తమ ఆకలికేనని, కొట్టించినవారు మాత్రం ఏనాడూ ఆ ఊళ్లో ఉండలేదని కూడా అన్నాడు.

వెళ్లేదెలా?

చేవెళ్ల వైపు నుంచి వచ్చేవారు మెహిదీపట్నంలో దిగి లింగంపల్లి వెళ్లే బస్సు ఎక్కితే దర్గా, రాయదుర్గం, గచ్చిబౌలి, విశ్వవిద్యాలయం వరుసగా వస్తాయి. పట్నంలో ఉన్నవారికి దుర్గం చెరువు పేరుతోనే మెట్రో స్టేషను ఉంది. విశ్వవిద్యాలయం లోపలికి పోవాలంటే గేటు దగ్గర అనుమతి అడగాలి. గుట్ట ఎక్కేవారు పొద్దున్నే వెళ్లడం మంచిది. నీళ్ల సీసా వెంట ఉండాలి, ఖాళీ సీసా తిరిగి ఇంటికి రావాలి.

చూసి వచ్చాక మరో పని మిగిలి ఉంది. మన ఊరి పొలిమేరలో కూడా ఇలాంటి గుండు ఒకటి ఉండే ఉంటుంది. దాని కింద పోచమ్మ తల్లో, పశువుల కాపరుల నీడో ఉంటుంది. దానికి రేపు ఎవరైనా కంకర ధర కడితే గ్రామసభలో నోరు విప్పాలి. మిగిలి ఉన్న బండల దగ్గర వాటి వయసు, పేరు తెలిపే బోర్డులైనా పెట్టించి, పగలగొట్టేవారిపై చర్య తీసుకోవాలని అధికారులను ప్రజలు కోరుతున్నారు.

సాయంత్రం బస్సు ఎక్కేముందు పెద్దాయన మనుమడికి ఫోను చేశాడు. వచ్చే ఆదివారం సెలవు పెట్టమన్నాడు. "గా గుట్ట మీదికి నిన్ను తోల్కపోతా" అని చెప్పాడు.